టెలిఫోన్‌ను కనిపెట్టిందెవరు అన్న ప్రశ్నలోనే ఉంది చిక్కు

1876 ఫిబ్రవరి 14, సోమవారం. వాషింగ్టన్‌లోని అమెరికా పేటెంట్ ఆఫీసుకు ఒకే విషయం మీద ఇద్దరి తరఫున కాగితాలు వచ్చాయి. ఒకటి అలెగ్జాండర్ గ్రాహం బెల్‌ది, ఇంకోటి ఎలైషా గ్రేది. ఇద్దరిలో ఎవరూ స్వయంగా రాలేదు, లాయర్లు తెచ్చిచ్చారు. ఫీజు జమ రాసుకునే ఆఫీసు చిట్టాలో ఆ రోజు బెల్ పేరు 5వ పద్దుగా, గ్రే పేరు 39వ పద్దుగా ఎక్కింది. టెలిఫోన్ ఎవరిదన్న చర్చ వచ్చినప్పుడల్లా ఈ రెండు అంకెలు బయటికొస్తాయి. కొద్ది గంటల తేడాలో గ్రే చరిత్రకెక్కకుండా పోయాడని చెబుతారు.

ఆ గంటల తేడాకు నిజానికి అంత బలం లేదు. అప్పటి అమెరికా చట్టం ముందుగా ఎవరు దరఖాస్తు పెట్టారని చూడదు, ముందుగా ఎవరు కనిపెట్టారని చూస్తుంది. పైగా ఆ రోజు వచ్చిన రెండు కాగితాలూ ఒక రకానివి కావు. బెల్ తరఫున ఇచ్చింది పూర్తి పేటెంట్ దరఖాస్తు. గ్రే తరఫున ఇచ్చింది కేవియట్. కోర్టులో కేవియట్ వేస్తే నన్ను వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే చెప్పుకున్నట్టు. పేటెంట్ ఆఫీసులోనూ దాదాపు అదే అర్థం: ఈ పని మీద ఉన్నాను, ఇంకా పూర్తి కాలేదు, ఇదే వస్తువుకు వేరే ఎవరైనా పేటెంట్ అడిగితే ముందు నాకు కబురు చేయండి అని.

అసలు అనుమానం ఆ తర్వాతి మూడు వారాల మీద ఉంది. దరఖాస్తును పరిశీలించిన అధికారి జెనాస్ విల్బర్, గ్రే కేవియట్‌తో పోలిక కనిపించడంతో బెల్ దరఖాస్తును ఫిబ్రవరి 19న ఆపి పెట్టాడు. బెల్ బోస్టన్ నుంచి వాషింగ్టన్ వెళ్లి ఆయన్ని కలిశాడు. మార్చి 7న 174,465 నంబరుతో పేటెంట్ వచ్చింది. బోస్టన్ తిరిగి వచ్చిన వెంటనే బెల్ తన నోటుబుక్కులో ఒక బొమ్మ గీశాడు. ఒక మనిషి తల వంచి ఒక పరికరంలోకి మాట్లాడుతున్నాడు. ఆ పరికరంలో పల్చటి పొర, దానికి తగిలించిన సూది, సూది మొన మునిగేలా ఒక గిన్నెలో ద్రవం. గొంతు శబ్దానికి పొర అదిరితే సూది ద్రవంలో కాస్త లోతుకు, కాస్త పైకి కదులుతుంది. దాంతో తీగలో కరెంటు ఎక్కువా తక్కువా అవుతుంది. గ్రే కేవియట్‌లో ఉన్న బొమ్మ కూడా దాదాపు ఇదే. మార్చి 10న ఆమ్లం కలిపిన నీళ్లతో సరిగ్గా ఇలాంటి పరికరమే పెట్టి, పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ను బెల్ పిలిచాడు. తీగ మీద వెళ్లి అర్థమైన మొదటి వాక్యం ఆ పిలుపే.

పదేళ్ల తర్వాత, 1886లో, విల్బర్ ఒక ప్రమాణ పత్రం ఇచ్చాడు. గ్రే కేవియట్‌ను బెల్‌కు చూపించానని అందులో ఒప్పుకున్నాడు. బెల్ అది అబద్ధమన్నాడు. విల్బర్ అంతకుముందు ఇచ్చిన ప్రమాణ పత్రాలేమో దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉన్నాయి. మాట మార్చిన సాక్షిని ఏ పత్రం దగ్గర నమ్మాలో తేల్చడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బెల్ ఆ తర్వాత జనం ముందు చూపించింది, వ్యాపారానికి పెట్టింది ద్రవంతో పనిచేసే టెలిఫోన్ కాదు. 1875 నుంచి తాను సాగిస్తున్న ప్రయోగాల్లోంచి వచ్చిన విద్యుదయస్కాంత టెలిఫోన్. గ్రే కూడా 1877 మార్చిలో బెల్‌కు రాసిన ఉత్తరంలో, దీన్ని కనిపెట్టిన ఘనత తనదని చెప్పుకోవడం లేదని రాశాడు. ఒకే తీగ మీద ఒకేసారి ఎక్కువ టెలిగ్రాములు పంపడం ఎలాగన్నదే ఆయనకు అప్పుడు ముఖ్యం. మాట పంపడంలో డబ్బుందని ఆయనకు అనిపించలేదు. అనిపించేసరికి పొద్దు పోయింది.

ఇన్ని వివరాలు చెప్పడానికి కారణం ఉంది. ఎవరు ముందు అన్నది ఒక్క ప్రశ్నలా కనిపిస్తుంది, లోపల నాలుగైదు ప్రశ్నలుంటాయి. ఆలోచన ముందు ఎవరికి వచ్చింది? ముందు ఎవరు పనిచేయించారు? ముందు ఎవరు రాతలో పెట్టారు? జనానికి అందేలా ఎవరు చేశారు? వీటికి ఒక్కోదానికి ఒక్కో మనిషి జవాబు కావచ్చు. జర్మనీలో ఫిలిప్ రైస్ 1861లోనే తీగ మీద శబ్దాలు పంపే పరికరం చూపించాడు. పాట స్వరాలు బాగానే వెళ్లేవి, మాట స్పష్టంగా వెళ్లేది కాదు. అయినా టెలిఫోన్ అనే పేరును ఇలాంటి యంత్రానికి బెల్ కంటే ముందు వాడింది ఆయనే. కోర్టులు మాత్రం ఆయన పరికరం కరెంటును తెంచి కలుపుతుందే తప్ప గొంతుకు తగ్గట్టు ఎక్కువా తక్కువా చేయదని కొట్టేశాయి. బెల్ పేటెంట్ మీద వందల కేసులు నడిచాయి. చివరికి 1888లో అమెరికా సుప్రీంకోర్టులో 4-3తో బెల్ గట్టెక్కాడు. ఒక్క న్యాయమూర్తి అటు మొగ్గి ఉంటే పాఠ్యపుస్తకాల్లో ఇంకో పేరు చదివేవాళ్లం.

ఆంటోనియో మెయూచీ కథ ఇంకా బాధ కలిగిస్తుంది. ఫ్లోరెన్స్‌లో పుట్టి, న్యూయార్క్ పక్కన స్టాటెన్ ఐలాండ్‌లో స్థిరపడ్డ ఇటలీ మనిషి. మంచాన పడ్డ భార్య గదికీ తన పని గదికీ మధ్య మాట్లాడుకునే ఏర్పాటు చేసుకున్నానని చెప్పేవాడు. 1871 డిసెంబరు 28న కేవియట్ వేశాడు. పూర్తి పేటెంట్‌కు డబ్బు లేదు. కేవియట్‌ను ఏటా 10 డాలర్లు కట్టి పొడిగించుకోవాలి. 1874 తర్వాత అదీ కట్టలేకపోయాడు. 2002 జూన్ 11న అమెరికా ప్రతినిధుల సభ ఆయన కృషిని గుర్తిస్తూ తీర్మానం చేసింది. అప్పటి నుంచి టెలిఫోన్‌ను కనిపెట్టింది బెల్ కాదని అమెరికా ప్రభుత్వమే ఒప్పుకుందన్న మాట ఊరూరా తిరుగుతోంది.

ఆ మాట నిలబడదు. అది ఒక సభ చేసిన తీర్మానం, చట్టం కాదు. టెలిఫోన్ విషయంలో మెయూచీ చేసిన పనికి గుర్తింపు దక్కాలని అందులో ఉంది. బెల్ కనిపెట్టలేదని ఎక్కడా లేదు. మరో పది రోజులకే కెనడా పార్లమెంటు బెల్‌ను పొగుడుతూ ఇంకో తీర్మానం చేసింది. నూట ముప్పై ఏళ్ల కిందటి తీగలో ఏ రకం కరెంటు పారిందో ఓట్లతో తేలదు. 1871 కేవియట్ చదివితే మాటను తీగ మీద పంపాలన్న ఉద్దేశం కనిపిస్తుంది. గొంతును కరెంటుగా మార్చేది ఎలా అన్న చోట మాత్రం అది స్పష్టంగా లేదు. 1887లో కోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది కూడా అందుకే. మెయూచీ పేదరికం నిజం, ఆయన ప్రయోగాలు నిజం. వాటిని గౌరవించడానికి ఆయన్ని ఏకైక ఆవిష్కర్తగా నిలబెట్టనక్కర్లేదు.

ఆవిష్కరణల చరిత్రలో ఎక్కువ గందరగోళం ఇక్కడే వస్తోంది. ఒక పేరుకు అన్యాయం జరిగిందని తెలియగానే పాత పేరు తీసేసి ఆ చోట కొత్త పేరు పెడతారు. మొదటి కథలోని తప్పు, ఎందరో కలిసి చేసిన పనికి ఒక్క మనిషినే నిలబెట్టడం. దిద్దుబాటు కథలోనూ అదే తప్పు జరుగుతుంది, మనిషి మారతాడంతే. ఈ క్రమంలో పాతవాడు దొంగ అయిపోతాడు, కొత్తవాడు మహాత్ముడు అయిపోతాడు. ఆ ఇద్దరి పక్కన పనిచేసిన పదిమంది మాత్రం ముందు ఎక్కడున్నారో అక్కడే ఉండిపోతారు.

బెల్ పేటెంట్ బొమ్మల సంగతే తీసుకోండి. వాటిని గీసి పెట్టింది లూయిస్ లాటిమర్ అనే నల్లజాతి చిత్రకారుడు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన తల్లిదండ్రుల కొడుకు. పేటెంట్ లాయర్ల ఆఫీసులో చిన్న ఉద్యోగానికి చేరి, చూసి చూసి డ్రాయింగ్ నేర్చుకున్నాడు. తర్వాత కరెంటు బల్బుల కంపెనీలో చేరి, బల్బులో వెలిగే కార్బన్ తీగను తయారు చేసే మెరుగైన పద్ధతికి 1882లో తన పేరున పేటెంట్ తీసుకున్నాడు. ఎడిసన్ దగ్గరా పనిచేశాడు. బల్బు అసలు ఆవిష్కర్త లాటిమరే అని ఇప్పుడు కొందరు రాస్తుంటారు. అది ఆయన ఎప్పుడూ చేయని వాదన. చేసిన పనే చెప్పుకోదగ్గంత ఉన్నప్పుడు చేయనిది తగిలించడం ఆయనకు మేలు కాదు.

బల్బు విషయం కొంచెం తేలిగ్గానే తేలుతుంది. ఇంగ్లండ్‌లో జోసెఫ్ స్వాన్ 1879 ఫిబ్రవరిలో న్యూకాజిల్‌లో జనం ముందు కార్బన్ బల్బు వెలిగించాడు. ఎడిసన్ బల్బు వెలిగింది అదే ఏడాది అక్టోబరులో. స్వాన్ వాడింది లావుపాటి కార్బన్ కడ్డీ, దానికి ఎక్కువ కరెంటు కావాలి. ఎడిసన్ సన్నటి తీగ వాడాడు, నిరోధం ఎక్కువ, కాబట్టి తక్కువ కరెంటుతో చాలా బల్బులు ఒకేసారి వెలిగించొచ్చు. వీధులకు వీధులు వెలిగించాలంటే ఇదే దారి. 1882 సెప్టెంబరులో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ కరెంటు స్టేషన్ నడవడం మొదలైంది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టుకున్నారు.

వీళ్లిద్దరి కంటే తక్కువగా వినిపించే పేరు హెర్మన్ ష్ప్రెంగెల్. బల్బులో గాలి కొంచెం మిగిలినా కార్బన్ తీగ కాలిపోతుంది. అంతకుముందు దశాబ్దాల్లో బల్బులు చేసిన వాళ్లందరూ తట్టుకుని పడింది ఈ రాయి దగ్గరే. ష్ప్రెంగెల్ 1865లో పాదరసం బొట్టు బొట్టుగా జారుతూ గాలిని లాక్కుపోయే పంపు చేశాడు. ఆ పంపు మెరుగుపడుతూ వచ్చాకే అటు స్వాన్‌కీ ఇటు ఎడిసన్‌కీ పని కుదిరింది. ఎడిసన్ మెన్లో పార్క్ ల్యాబులో గాజు బల్బులు ఊదింది లుడ్విగ్ బోమ్, లెక్కలు వేసింది ఫ్రాన్సిస్ అప్టన్, తీగలు అమర్చింది చార్లెస్ బాచెలర్. ఎడిసన్ గొప్పతనం వీళ్లందరినీ ఒక్క చోట చేర్చి, బల్బు నుంచి మీటరు దాకా మొత్తం వ్యవస్థను కట్టడంలో ఉంది. ఆయన్ని దొంగ అనడం కూడా అన్యాయమే.

పంపు లాంటి వస్తువు అందుబాటులోకి వచ్చిన తర్వాత ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఒకే మెట్టు ఎక్కడంలో వింత లేదు. విలియం ఆగ్‌బర్న్, డొరొతీ థామస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు 1922లోనే ఇలా వేర్వేరు చోట్ల విడివిడిగా జరిగిన 148 ఆవిష్కరణల జాబితా వేశారు. కాపీ కొట్టారన్న అనుమానం రావాల్సిన చోట్ల కూడా చాలాసార్లు అసలు కారణం ఇదే: అవసరమైన సరంజామా అంతా అప్పటికే అందరి ముందూ ఉంది.

రేడియో దగ్గర ఈ చిక్కుముడి ఇంకా బిగుసుకుంటుంది. విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని ప్రయోగంతో చూపింది హైన్‌రిష్ హెర్ట్జ్. ఆలివర్ లాడ్జ్, అలెగ్జాండర్ పొపోవ్, నికోలా టెస్లా, కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్, జగదీశ్ చంద్ర బోస్ తలో ముక్కా చేర్చారు. గుగ్లియెల్మో మార్కోనీ వాటిని కలిపి దూరాలకు సందేశం పంపే వ్యాపారంగా నిలబెట్టాడు. 1909 నోబెల్ మార్కోనీకి, బ్రౌన్‌కు వచ్చింది.

బోస్ చేసిన ముక్కను దగ్గరగా చూడాలి. 1895లో కలకత్తా టౌన్ హాల్లో ఆయన తరంగాలను గోడల అవతలికి పంపి, అక్కడ గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. ఆయన వాడిన తరంగాల పొడవు కొన్ని మిల్లీమీటర్లే. అంత పొట్టి తరంగాలను అప్పట్లో ఎవరూ అంత నేర్పుగా వాడలేదు. వాటిని పంపే గొట్టాలు, వంచే పట్టకాలు అన్నీ ఆయనే చేయించుకున్నాడు. వచ్చిన తరంగాన్ని పసిగట్టే డిటెక్టర్‌తో అప్పట్లో అందరికీ తలనొప్పిగా ఉండేది. గాజు గొట్టంలో లోహపు పొడి నింపేవాళ్లు. తరంగం తగలగానే పొడి గట్టిపడి కరెంటును పోనిస్తుంది. కానీ ప్రతిసారీ గొట్టాన్ని తట్టి పొడిని మళ్లీ వదులు చేయాలి. బోస్ 1899లో రాయల్ సొసైటీకి ఇచ్చిన పరిశోధనా పత్రంలో పొడి బదులు ఇనుము, పాదరసం వాడిన డిటెక్టర్‌ను వర్ణించాడు. దాన్ని తట్టాల్సిన పని లేదు, తనంతట తానే మామూలు స్థితికి వస్తుంది. సిగ్నల్‌ను టెలిఫోన్ రిసీవర్‌లో చెవితో వినొచ్చు.

1901 డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటం కట్టిన తీగతో మార్కోనీ అట్లాంటిక్ అవతలి సిగ్నల్ విన్నప్పుడు, చెవికి పెట్టుకున్న టెలిఫోన్‌కు తగిలించింది ఒక పాదరసపు డిటెక్టర్. దాన్ని ఆయనకు ఇచ్చింది ఇటలీ నౌకాదళంలో పనిచేసే మిత్రుడు లుయిజీ సొలారి. అందుకే దానికి ఇటలీ నౌకాదళ డిటెక్టర్ అన్న పేరు స్థిరపడింది. అది ఎవరిదన్న గొడవ ఇటలీలోనే వెంటనే మొదలైంది. ఒక నౌకాదళ ఉద్యోగి చేశాడని కొందరు, కాదని కొందరు. దాని మూలం బోస్ 1899 పత్రంలో ఉందని ఆధారాలు పేర్చి ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంఘమైన ఐఈఈఈ పత్రికలో వ్యాసం వచ్చింది 1998లో. మధ్యలో దాదాపు వందేళ్లు పోయాయి.

బోస్‌కు పేటెంట్ల మీద ఇష్టం లేదు. సిస్టర్ నివేదిత, సారా బుల్ పట్టుబట్టడంతో గలీనా స్ఫటికంతో చేసిన వేరే డిటెక్టర్‌కు అమెరికాలో దరఖాస్తు పెట్టారు, 1904లో వచ్చింది. అర్ధవాహక (సెమీకండక్టర్) పరికరానికి దక్కిన తొలి పేటెంట్లలో అది ఒకటి. ఇంత చేసినా రేడియోను కనిపెట్టింది బోసేనని రాయడం సరికాదు. ఆయన ధ్యాస సందేశాల మీద లేదు, తరంగాలు వెలుగులా ఎలా నడుచుకుంటాయన్న దాని మీద ఉంది. ఆ ప్రశ్న వెంట వెళ్తూ దారిలో చేసిన పనిముట్లు ఇతరులకు ఉపయోగపడ్డాయి. ఇది చిన్న సంగతి కాదు. ఆయన వాడిన మిల్లీమీటరు తరంగాలకు కమ్యూనికేషన్‌లో చోటు దొరకడానికి ఇంకో శతాబ్దం పట్టింది.

టెస్లా అభిమానులు తరచూ చెప్పే 1943 సుప్రీంకోర్టు తీర్పు సంగతీ ఇలాంటిదే. రేడియో ఆవిష్కర్త టెస్లాయే అని కోర్టు తేల్చిందని అంటారు. ఆ కేసులో అసలు అంశం అది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తన పేటెంట్లు వాడుకున్నందుకు మార్కోనీ కంపెనీ అమెరికా ప్రభుత్వం మీద పరిహారం దావా వేసింది. కోర్టు మార్కోనీ ట్యూనింగ్ పేటెంట్‌లోని ముఖ్యమైన క్లెయిములను రద్దు చేసింది. వాటిలోని విషయం లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ స్టోన్‌ల ముందటి పనిలోనే ఉందని చెప్పింది. రేడియోను మొదట సాధించిన వ్యక్తిగా మార్కోనీకున్న పేరు ఇక్కడ చర్చనీయాంశం కాదని తీర్పులోనే ఉంది. అంటే కోర్టు కిరీటం ఒకరి తల మీంచి తీసి ఇంకొకరి తల మీద పెట్టలేదు. ఎవరి ముక్క ఎవరిదో కొంతవరకు విడదీసింది. టెస్లా ఆ ఏడాది జనవరిలోనే పోయాడు.

కోర్టు తీర్పుతోనే పేరు తారుమారైన ఇంకో యంత్రం కంప్యూటర్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్ నిర్మించిన ఎనియాక్‌ను 1946 ఫిబ్రవరి 14న పత్రికల ద్వారా లోకానికి ప్రకటించారు. బెల్, గ్రేల కాగితాలు పేటెంట్ ఆఫీసు చేరిన రోజుకు సరిగ్గా 70 ఏళ్లు. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. దాని పేటెంట్‌ను 1973 అక్టోబరు 19న ఫెడరల్ జడ్జి ఎర్ల్ లార్సన్ రద్దు చేశారు. అయోవాలో జాన్ అటనసాఫ్, ఆయన విద్యార్థి క్లిఫర్డ్ బెర్రీ 1939 నుంచి 1942 దాకా ట్యూబులతో ఒక లెక్కల యంత్రం కట్టారు. మాక్లీ 1941 జూన్‌లో అక్కడికి వెళ్లి, దాన్ని చూసి, దాని మీద రాసిన వివరాలు చదివి వచ్చాడు. అటనసాఫ్ కాలేజీ పేటెంట్ దరఖాస్తే పంపలేదు. తీర్పు వచ్చేనాటికి బెర్రీ చనిపోయి పదేళ్లయింది.

ఎనియాక్ నిర్మాతలకు ఇంకో దెబ్బ అప్పటికే తగిలి ఉంది. తర్వాతి యంత్రం గురించి బృందమంతా చర్చించుకున్న విషయాలను గణిత శాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ 1945 జూన్‌లో ఒక చిత్తుప్రతిగా రాశాడు. అట్ట మీద ఆయన ఒక్కడి పేరే వేసి కాపీలు పంచారు. ప్రోగ్రామునూ సమాచారాన్నీ ఒకే మెమరీలో ఉంచే ఆ పద్ధతిని ఇప్పటికీ వాన్ నాయ్‌మన్ నిర్మాణం అనే చదువుకుంటున్నారు. చిత్తుప్రతి కదా, పేర్లు తర్వాత చేరుద్దామని ఎవరైనా అనుకున్నారేమో. తుది ప్రతి రానే లేదు.

ఈ మగవాళ్ల తగాదాలో కనిపించకుండా పోయిన వాళ్లు ఆరుగురు ఆడవాళ్లు. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. ఎనియాక్‌కు లెక్క చెప్పడమంటే అప్పట్లో కీబోర్డు మీద టైపు చేయడం కాదు. యంత్రం బొమ్మలు చూసి దాని గుట్టు తెలుసుకుని, గది పొడవునా కేబుళ్లు ఒక చోట పీకి ఇంకో చోట గుచ్చి, స్విచ్చులు తిప్పాలి. నేర్పే పుస్తకం లేదు. జనానికి చూపిన ప్రదర్శనలో ఫిరంగి గుండు దారిని, అసలు గుండు గమ్యం చేరేలోపే యంత్రం లెక్కగట్టింది. ఆ లెక్కను సిద్ధం చేసింది జెన్నింగ్స్, స్నైడర్. ముందు రాత్రి దాకా ఒక తప్పు దొరక్క టెన్షన్ పడ్డారు. నిద్రలో స్నైడర్‌కు తట్టింది, పొద్దున్నే వచ్చి ఒక్క స్విచ్చు మార్చింది. ప్రదర్శన అయ్యాక జరిగిన విందుకు వాళ్లను పిలవలేదు.

1980ల్లో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లో యంత్రం ముందు నిలబడ్డ ఆడవాళ్లను చూసి వీళ్లెవరని ఆరా తీసింది. యంత్రం అందంగా కనిపించడానికి నిలబెట్టిన మోడళ్లు అని జవాబు వచ్చింది. ఫొటోల కింద మగవాళ్ల పేర్లున్నాయి, వీళ్ల పేర్లు లేవు. ఆమె వెతికి పట్టుకునేసరికి వాళ్లు ముసలివాళ్లయ్యారు. పేటెంట్లు, తీర్పుల కంటే ఎక్కువ నష్టం ఒక్కోసారి ఇలాంటి ఫొటో కింద వాక్యమే చేస్తుంది. పేరు రాయాల్సిన వాడికి అది అవసరమనే తోచదు. కుట్ర ఏమీ ఉండదు, అలవాటు ఉంటుంది. ప్రోగ్రామింగ్ అప్పట్లో గుమాస్తా పని కింద లెక్క, గుమాస్తాల పేర్లు ఎవరూ రాయరు.

సైన్స్ బహుమతుల్లో ఈ అలవాటుకు నిబంధన తోడవుతుంది. నోబెల్‌ను ఒక్కో విభాగంలో ముగ్గురికి మించి ఇవ్వరు. 1943లో రట్జర్స్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ షాట్జ్ అనే 23 ఏళ్ల విద్యార్థి నేలమాళిగలోని ల్యాబులో, క్షయపై పనిచేసిన తొలి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌ను వేరు చేశాడు. ప్రొఫెసర్ సెల్మన్ వాక్స్‌మన్ నేర్పిన పద్ధతే, ఆయన ల్యాబే, కానీ నోటుబుక్కులో చేతిరాత షాట్జ్‌ది. పేటెంట్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, చట్టం ప్రకారం ఉండి తీరాలి. రాయల్టీలో కొంత వాక్స్‌మన్‌కు చేరుతోందని తెలిశాక షాట్జ్ 1950లో కేసు వేశాడు. రాజీలో ఆయనకు 3 శాతం వాటా, సహ ఆవిష్కర్తగా గుర్తింపు దక్కాయి. ఇంతా జరిగిన రెండేళ్లకు 1952 నోబెల్ వాక్స్‌మన్ ఒక్కరికే ఇచ్చారు. ముగ్గురి దాకా చోటున్న బహుమతి అది. గురువు మీద కేసు వేసినవాడన్న ముద్రతో షాట్జ్‌కు మంచి ల్యాబుల్లో ఉద్యోగం దొరకడమే కష్టమైంది. రట్జర్స్ ఆయన్ని పిలిచి పతకం ఇచ్చింది 1994లో.

యల్లాప్రగడ సుబ్బారావు విషయంలో కేసూ లేదు, గొడవా లేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర ఉన్నప్పుడు రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి 1925లో ఇద్దరి పేరున వచ్చింది. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఆపై కణాలకు శక్తినందించే ఏటీపీ గుర్తించడంలో ఆయన చెయ్యి ఉంది. ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లో విడిగా వేరు చేశాడు, ఇదీ ఆ 148 లాంటి జతే. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ మందును ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గడం చూసి 1948లో ప్రకటించాడు. కీమోథెరపీ పితామహుడన్న పేరు ఫార్బర్‌కు వచ్చింది. రోగి మంచం పక్కన నిలబడ్డవాడి పేరు నిలిచింది, మందు చేసిన బృందం కంపెనీ గోడల లోపల ఉండిపోయింది. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో 53 ఏళ్లకే చనిపోయాడు. చనిపోయిన మనిషి తన పనిని గుర్తు చేసుకుంటూ సభల్లో మాట్లాడలేడు, జీవిత కథ రాసుకోలేడు. డీఎన్ఏ నిర్మాణం మీద పనిచేసిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ కూడా 37 ఏళ్లకు, 1958లో పోయింది. డీఎన్ఏ నోబెల్ 1962లో వచ్చేనాటికి ఆమె లేదు. ఆమెకు జరిగిన అన్యాయం నోబెల్ దగ్గర కంటే 1953లోనే ఉంది. ఆమె ల్యాబులో తీసిన ఎక్స్‌రే చిత్రాన్ని ఆమెకు తెలియకుండా జేమ్స్ వాట్సన్‌కు చూపించారు, డీఎన్ఏ నిర్మాణం మీద ఆయన, ఫ్రాన్సిస్ క్రిక్ రాసిన వ్యాసంలో ఆమె పనికి దక్కింది చివర్లో ముక్తసరి ప్రస్తావన.

పేరున్న వాడికే ఇంకా పేరు చేరడాన్ని సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1968లో మాథ్యూ ఎఫెక్ట్ అన్నాడు. బైబిల్లో మత్తయి సువార్తలో, కలిగినవానికే మరింత ఇవ్వబడుతుందన్న మాట నుంచి తీసుకున్న పేరు. ఆ వ్యాసానికి ముడిసరుకు చాలావరకు హారియట్ జుకర్‌మన్ నోబెల్ గ్రహీతలను కలిసి చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మెర్టన్ ఒక్కడి పేరున వచ్చింది. అది ఇద్దరి పేరునా రావాల్సిందని ఆయనే తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఘనత ఎలా పక్కదారి పడుతుందో అంత లోతుగా చూసిన మనిషికి కూడా తన చేతి కింద జరుగుతున్నది కనబడలేదు. ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఈ విషయంలో దొరకదు.

ఈ మధ్య సైన్స్ పత్రికలు ఒక దారి వెతుక్కున్నాయి. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద వచ్చిన వ్యాసానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకే సరిపోయాయి. అంతమందిలో ఎవరేం చేశారో తెలియదు కాబట్టి, ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, సాఫ్ట్‌వేర్ ఎవరిది, లెక్కలు ఎవరివి, డబ్బు తెచ్చింది ఎవరు, రాసింది ఎవరు అంటూ 14 రకాల పాత్రలుగా విడగొట్టి పేర్లు వేసే పద్ధతి చాలా పత్రికల్లోకి వచ్చింది. ఎవరు ముందు అని అడగడం కంటే ఎవరు ఏ పని చేశారని అడగడం ఎంతో నయం. 1876లో ఇలాంటి పట్టిక ఉంటే బెల్, గ్రే, వాట్సన్, లాటిమర్ అందరూ అందులో ఉండేవాళ్లు. అయితే ఈ పట్టికలోకి రావాలంటే ముందు రచయితల జాబితాలో ఉండాలి. పరికరాలు బిగించే టెక్నీషియన్లు, గాజు ఊదేవాళ్లు చాలా వ్యాసాల్లో ఇప్పటికీ చివరి పేజీలోని కృతజ్ఞతల పేరాలోనే కనిపిస్తారు, అదీ వ్యాసం రాసినవాళ్లకు గుర్తుంటేనే.